నెల సరుకులు: ఏది అలవాటు కొట్లో, ఏది చవగ్గా దొరికిన చోట

కొట్టుకీ కొట్టుకీ పోలిక పెడితే ఎప్పటికీ తేలదు. సరుకుకీ సరుకుకీ పెడితే గంటలో తేలుతుంది. ఒకే కొట్లో కందిపప్పు కిలోకి పది రూపాయలు ఎక్కువుండి, చింతపండు పది రూపాయలు తక్కువుండొచ్చు. సూపర్ మార్కెట్టూ అంతే. పంచదార, నూనె మీద లాభం వదులుకుని మనిషిని లోపలికి రప్పించి, డ్రైఫ్రూట్స్ మీద, ప్లాస్టిక్ డబ్బాల మీద రాబట్టుకుంటుంది.

ముందు చీటీ. గత రెండు నెలల బిల్లులు గానీ, ఖాతా పుస్తకం గానీ తీసుకుని ఖర్చు ఎక్కువైన సరుకు పైన, తక్కువైనది కింద వచ్చేలా రాయండి. నలుగురున్న ఇంట్లో పైన వచ్చేవి దాదాపు ఇవే: బియ్యం, నూనె, కందిపప్పు, మినపగుళ్ళు, నెయ్యి, టీ పొడి, చింతపండు, ఎండుమిర్చి, పంచదార, గోధుమపిండి, బట్టల పొడి, ఒంటి సబ్బులు. ఈ పన్నెండూ చాలు. ఆవాలు, మెంతులు, ఇంగువ జోలికి పోవద్దు. నెలకు వంద గ్రాములు వాడే ఆవాల్లో కిలోకి 30 రూపాయల తేడా ఉన్నా మీకు మిగిలేది మూడు రూపాయలు.

ప్రతి సరుకు పక్కన ప్యాకెట్ ధర కాదు, కిలో ధర రాయండి. ఎక్కువమంది మోసపోయేది నూనె దగ్గరే. వంటనూనె లీటరు సుమారు 910 గ్రాములు తూగుతుంది. అదే సైజులో, అదే రంగులో కనిపించే ప్యాకెట్ మీద 850 గ్రాములనో, 800 గ్రాములనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. 850 గ్రాముల ప్యాకెట్ 140 రూపాయలు, లీటరు ప్యాకెట్ 148 రూపాయలు అనుకోండి. మొదటిది కిలో 164.70, రెండోది 162.60. చవక అనుకున్నదే ఖరీదు. 15 కిలోల డబ్బా కొనేటప్పుడు అది 15 లీటర్లు కాదని, పదహారున్నర లీటర్ల దాకా వస్తుందని గుర్తుంచుకుని లెక్కేయండి.

ఎంఆర్‌పీ దగ్గరే గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో కూడా అచ్చు వేస్తున్నారు. దాన్ని నేరుగా చీటీలోకి ఎక్కించకండి. అది ఎంఆర్‌పీ మీద వేసిన లెక్క, మీరు కట్టే ధర మీద వేసింది కాదు. సూపర్ మార్కెట్ సొంత బ్రాండు మీద “30 శాతం తగ్గింపు” అని రాసి ఉన్నా పట్టించుకోకండి. ఆ ఎంఆర్‌పీ వేసుకున్నదీ వాళ్ళే, తగ్గించిందీ వాళ్ళే. సబ్బులు మూడు కొంటే ఒకటి ఉచితం అన్నప్పుడు మొత్తం గ్రాములు కూడండి: వంద గ్రాములవి నాలుగంటే 400, 125 గ్రాములవి మూడంటే 375.

బియ్యం బస్తా 25 కిలోలా, 26 కిలోలా అన్నది కూడా చూడాలి. ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 25 కిలోల దాకా 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ వచ్చింది. మన ఊళ్ళలో 26 కిలోల బస్తాలు కనబడడం దానివల్లే. 25 కిలోల బస్తా 1,450 అంటే కిలో 58 రూపాయలు. 26 కిలోలది 1,480 అంటే 57 కూడా పడదు.

ఇంతవరకూ సులువు. చిక్కంతా విడి సరుకులతోనే. పేరున్న కంపెనీ టూత్‌పేస్టు ఎక్కడ కొన్నా అదే టూత్‌పేస్టు. కందిపప్పు అలా కాదు, రెండు కొట్లలోనిది ఒకటే పప్పు అని ఎవరూ చెప్పలేరు. అందుకే ధర రాసే ముందు నాణ్యత తేల్చాలి. రెండుచోట్లా పావుకిలో చొప్పున తెచ్చి, ఒక్కో దాంట్లో 100 గ్రాములు పళ్ళెంలో పోసి రాళ్ళు, పొట్టు, పుచ్చు గింజలు ఏరి తూచండి. కిలో 150 రూపాయల పప్పులో నూటికి 4 గ్రాములు పోతే దాని అసలు ధర 156. ఏరిన పప్పుని రెండు గిన్నెల్లో సమంగా నీళ్ళు పోసి ఒకే కుక్కర్లో పెట్టండి. ఏది మెత్తగా ఉడికి చిక్కగా వచ్చిందో, ఏది గింజగా మిగిలిందో మూత తీయగానే తెలిసిపోతుంది. పప్పు ముట్టుకుంటే చేతికి జిడ్డు తగిలితే నూనె పాలిష్ పట్టారన్నమాట. నున్నటి మెరుపు చూసి పైసా ఎక్కువ ఇవ్వనక్కర్లేదు. మినపగుళ్ళకు పరీక్ష రుబ్బులోనే ఉంది: ఒక గ్లాసుకి పిండి ఎంత పొంగిందో చూడండి. ధర తక్కువని తెచ్చిన గుళ్ళు పొంగకపోతే ఒక గ్లాసు పోసేచోట గ్లాసుంపావు పోయాల్సి వస్తుంది, చవకంతా అక్కడే పోతుంది.

బియ్యం విషయంలో ధర ఒక్కటే చూసినవాళ్ళు తరచూ కొత్త బియ్యం తెచ్చుకుంటారు. ఖరీఫ్ వడ్లు నవంబరు, డిసెంబరుల్లో మిల్లులకు వస్తాయి. ఆ తర్వాత చవగ్గా కనిపించే బస్తాల్లో చాలావరకు ఆ కొత్త పంటవే. కొత్తవి ఎప్పుడూ పోసేటన్ని నీళ్ళు పోస్తే ముద్దవుతాయి. బీపీటీ 5204 (సాంబమసూరి) బియ్యం పాతవీ కొత్తవీ ఒకే పేరుతో, ఒకే రంగు సంచిలో ఉంటాయి. సంచి చూసి కనిపెట్టలేరు. పావుకిలో విడిగా అడిగి తెచ్చి వండి చూశాకే బస్తా దించుకోండి. అలా విడిగా ఇచ్చేది, అన్నం బాగోలేకపోతే తెరిచిన బస్తా వెనక్కి తీసుకునేది తెలిసిన కొట్టు మాత్రమే. అలవాటు కొట్టు విలువ ఇలాంటి వాటిలోనే ఉంది. దాన్నీ రూపాయల్లోకి మార్చాలి.

ఏడాదికి ఒక బస్తా మార్పించుకుంటారనుకుంటే, 1,500 రూపాయల నష్టం తప్పినట్టు. నెలకు 125. సరుకులు ఇంటికి పంపిస్తే మీ ఆటో ఖర్చును బట్టి నెలకో 40 వేసుకోండి. అరువుకి లెక్క కాస్త జాగ్రత్తగా కట్టాలి. నెలలో 7,000 రూపాయల సరుకు కొంచెం కొంచెంగా తెచ్చుకుని నెలాఖరున తీరుస్తే, సగటున మీ మీద ఉన్న బాకీ 3,500. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకునే ఇల్లయితే ఆ అరువు విలువ నెలకు 70 రూపాయలు. అదే డబ్బు బ్యాంకు పొదుపు ఖాతాలో ఉంచుకుని అరువు పెట్టేవాళ్ళకు ఏటా 3 శాతం చొప్పున చూస్తే తొమ్మిది రూపాయలు కూడా దాటదు. జీతం ఒకటో తారీఖునే పడి చేతిలో డబ్బున్నవాళ్ళు “మాకు ఖాతా ఉంది కదా” అని కిలోకి పది రూపాయలు ఎక్కువ పెట్టడం తెలివైన పని కాదు.

సూపర్ మార్కెట్ వైపు కూడా ఇలాగే ఖర్చు కట్టాలి. రానూపోనూ 14 కిలోమీటర్లయితే, లీటరుకి 45 ఇచ్చే బండికి పెట్రోలు సుమారు 35 రూపాయలవుతుంది. అసలు గండి చీటీలో లేనివి కొనడం. బిల్లు ఇంటికి తెచ్చి, చీటీలో రాసుకోనివాటి చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి కూడండి. మూడు నెలలు వరసగా చేస్తే మీ ఇంటి అంకె బయటపడుతుంది. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అయిందో లేదో అక్కడే తెలుస్తుంది. ఫోన్లో పది నిమిషాల డెలివరీ పెట్టుకునేవాళ్ళు సరుకు ధర కాదు, చివర్లో కట్టే మొత్తం చూడాలి. హ్యాండ్లింగ్ ఛార్జి, తక్కువ ఆర్డరుకి వేసే ఛార్జి, వానొస్తే పడే ఛార్జి అందులోనే ఉంటాయి. ఉచిత డెలివరీ కోసం ఇంకో 60 రూపాయల సరుకు కలపడం అంటే 25 రూపాయల డెలివరీ ఛార్జి మిగుల్చుకోడానికి 60 ఖర్చు పెట్టడమే.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే, మీవి వేసుకోండి. కొట్లో 7,000 అయ్యే చీటీ సూపర్ మార్కెట్లో 6,480 అయింది. తేడా 520. అందులోంచి పెట్రోలు 35, ఇంటికి పంపడం 40, అరువు 70, బస్తా భరోసా 125 తీసేస్తే 250 మిగులుతుంది. చీటీలో లేనివి కొనే ఖర్చు 250 దాటితే మార్టుకి వెళ్ళి మిగుల్చుకున్నది ఏమీ లేదు.

కానీ ఇక్కడితో ఆపితే మంచి అవకాశం పోతుంది. ఆ 520 ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో చీటీలోనే ఉంది. మామూలుగా ఎక్కువ భాగం ప్యాకెట్ సరుకుల్లోనే ఉంటుంది: నూనె, టీ పొడి, నెయ్యి, సబ్బులు, బట్టల పొడి. 380 వాటి వల్ల, 140 బియ్యం పప్పుల వల్ల అనుకోండి. అప్పుడు చీటీని రెండుగా చింపండి. ఎక్కడ కొన్నా మారని ప్యాకెట్లు చవగ్గా ఉన్నచోట, అవి చెడవు గనుక రెండు నెలలకోసారి. పెట్రోలూ సగమే, చీటీ దాటి కొనే సందర్భాలూ సగమే. చూసి, ముట్టుకుని, వండి తేల్చాల్సిన బియ్యం, పప్పులు, చింతపండు, మిర్చి, బెల్లం తెలిసిన కొట్లో. దీనివల్ల షావుకారుకి అన్యాయమేమీ జరగదు. పేరున్న కంపెనీ ప్యాకెట్ల మీద చిన్న కొట్టుకు మిగిలేది కొద్దే. విడి సరుకు ధర పెట్టడంలో అతని చేతికి కాస్త చోటుంటుంది. మీరు వదిలేది అతనికి అంతగా మిగలని భాగాన్నే.

రెండు నెలల సరుకు అనగానే అన్నీ మూటకట్టకండి. రవ్వ, శనగపిండి, గోధుమపిండి వానాకాలంలో పురుగు పడతాయి. అవి నెలకు సరిపడానే తేవాలి. ఏడాదికోసారి తెచ్చుకోవలసినవి వేరు. చింతపండు, ఎండుమిర్చి కొత్త పంట వచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య కొని, ఎండబెట్టి దాచుకుంటే కొట్టుతోనూ మార్టుతోనూ పనిలేదు. నాలుగిళ్ళవాళ్ళు కలిస్తే హైదరాబాదు బేగంబజార్, విజయవాడ గొల్లపూడి టోకు మార్కెట్ లాంటి చోట్ల బస్తా లెక్కన తెచ్చి పంచుకోవచ్చు. ఒక్క ఇంటికోసమైతే ఆటో కిరాయికే సరిపోతుంది. కూరగాయలకు రైతుబజారులో రోజూ రాసే ధరల బోర్డు ఫొటో తీసుకోండి, వీధిలో బండి దగ్గర బేరానికి అదే కొలబద్ద.

తగ్గించమని అడగడానికీ ఒక పద్ధతుంది. “అన్నీ ఎక్కువే నీ దగ్గర” అంటే ఏ షావుకారూ వినడు. మూడు సరుకులు ఎంచుకుని, పరిమాణం చెప్పి, డబ్బు ముందు పెట్టి అడగాలి: “అన్నా, కందిపప్పు బయట 12 రూపాయలు తక్కువుంది. మూడు కిలోలు తీసుకుంటా, డబ్బులు ఇప్పుడే ఫోన్‌పే చేస్తా. ఎంతకిస్తారు?” పూర్తిగా 12 తగ్గకపోవచ్చు. ఏడో ఎనిమిదో తగ్గినా నాణ్యత తెలిసిన పప్పు గనుక ఒప్పుకోవచ్చు. నెల మొదటి వారంలో చీటీ మొత్తం ఒకేసారి ఇస్తే ఇంకా వింటారు. సాయంత్రం ఏడింటికి గిరాకీ నడుమ అడిగితే వినరు, మధ్యాహ్నం వెళ్ళండి. ఒక్క పని మాత్రం చేయకండి: నగదు మార్టుకి పోసి, నెలలో చివరి ఇరవై రోజులూ అరువుకి కొట్టుకి రావడం. షావుకారు అది గమనిస్తాడు. మొహమాటానికి ఏమీ అనకపోయినా మీ పద్దులో ధరలు మెల్లగా పెరుగుతాయి.

ఖాతా పుస్తకం మీ దగ్గర ఒకటి, కొట్లో ఒకటి ఉండాలి. తేదీ, సరుకు, తూకం, ధర నాలుగూ అప్పటికప్పుడే రాయించండి. తప్పులు వచ్చేది సరుకు రాసి ధర తర్వాత వేసినప్పుడు, పిల్లలు తెచ్చుకున్నది ఇద్దరు రాసినప్పుడు. పది రోజులకోసారి రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే నెలాఖరున తగవుండదు.

తూకం కూడా ధరలో భాగమే. కాటా మీద ఏమీ లేనప్పుడు సున్నా చూపిస్తోందా, సంచి బరువు తీసేశారా అన్నవి చూడండి. ఇంట్లో చిన్న కాటా ఉంటే కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి దాన్ని సరిచూసుకుని, తెచ్చిన పప్పు తూచండి. కిలోకి 20 గ్రాములు తగ్గితే రెండు శాతం పోయినట్టు. నీళ్ళ సీసాకి కూలింగ్ ఛార్జి పేరుతో ఎంఆర్‌పీ మీద రెండు రూపాయలు అడగడం చట్టవిరుద్ధం. అలవాటు కొట్టయినా, పెద్ద షాపింగ్ మాల్ అయినా ఫిర్యాదుకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఈ లెక్కంతా ప్రతి నెలా చేయనక్కర్లేదు. మూడు నెలలకోసారి పన్నెండు ధరలూ కొత్తగా రాస్తే చాలు. ఒకసారి తూకం తగ్గితే పొరపాటనుకుని చెప్పండి. రెండోసారి పుస్తకం చూపించి చెప్పండి. మూడోసారీ తగ్గితే మాటలు అనవసరం. బాకీ పూర్తిగా తీర్చి, చివరి పద్దు కింద గీత గీయించి తేదీ వేయించుకుని, పుస్తకం ఇంటికి తెచ్చుకోండి.