గాడి పైపుల బిగింపు: 3వ పాఠం – గ్యాస్కెట్, కప్లింగ్

పోయిన పాఠంలో రోలర్ యంత్రంతో పైపు చివర గాడి వేశాం. ఇప్పుడు అలాంటి రెండు పైపులను కప్లింగుతో, అంటే పైపు కొసలను చుట్టి పట్టుకునే రెండు ముక్కల ఇనుప బిగింపుతో, కలుపుదాం. అపార్టుమెంట్లలో మంటలార్పే నీటికి వేసే ఉక్కు పైపులనే తీసుకుందాం.

నీటిని ఆపేది ఇనుప కప్లింగ్ కాదు, దాని లోపలి గ్యాస్కెట్ అనే రబ్బరు రింగు. కప్లింగు అంచులు గాడుల్లో కూర్చుని పైపులు విడిపోకుండా పట్టుకుంటాయి, అంతే. గ్యాస్కెట్‌కు లోపలివైపు రెండు పెదవులుంటాయి. నీటి ఒత్తిడి వాటిని పైపు మీదికి ఇంకా గట్టిగా అదుముతుంది.

అందుకే ఆ పెదవులు ఆనే చోటు, అంటే పైపు కొస నుంచి గాడి వరకు ఉన్న ఆ కాస్త పట్టీ మీదే నేను ఎక్కువ సమయం పెట్టమంటాను. కంటితో చూస్తే చాలదు, వేలితో చుట్టూ తడమండి. తుప్పు, పెచ్చులూడే రంగు, ఉబ్బిన వెల్డు గీత, సొట్ట ఏదీ ఉండకూడదు. పైపు పొడవునా సాగిన గీత మరీ చేటు: అది పెదవి కిందుగా వెళ్లి నీటికి కాలువ అవుతుంది.

నీటి లైనుకు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు గ్యాస్కెట్ వాడతారు, పెట్రోలియం నూనెలకు నైట్రైల్ అనే మరో రకం రబ్బరుది. ఈపీడీఎంకు మామూలు గ్రీజు పూయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. తయారీదారు సూచించిన లూబ్రికెంట్‌నే పెదవులకూ వెలుపలికీ పలచగా రాయండి.

గ్యాస్కెట్‌ను ఒక పైపు మీదికి పూర్తిగా తొడగండి, కొస దాటి బయటికి రాకూడదు. రెండో పైపును ఎదురుగా తిన్నగా నిలిపి, గ్యాస్కెట్‌ను మధ్యకు జరపండి. అది ఏ గాడి మీదికీ ఎక్కకూడదు. కప్లింగు రెండు ముక్కలను పైన కూర్చి, అంచులు గాడుల్లో దిగాయో లేదో చూసుకుని బోల్టులు వేయండి. బోల్టు మెడ కోలగా ఉంటుంది, అది రంధ్రంలో సరిగా కూర్చోవాలి.

బిగించేటప్పుడు ఇటు నట్టు కొంచెం, అటు నట్టు కొంచెం మార్చి మార్చి బిగించండి. ఒకవైపే పూర్తిగా బిగిస్తే రెండోవైపు ముక్కల సందులో గ్యాస్కెట్ నలిగిపోతుంది. నేర్చుకునే రోజుల్లో ఇంపాక్ట్ గన్ (నట్లు బిగించే యంత్రం) పక్కన పెట్టి చేతి పానాయే వాడండి. రబ్బరు నలుగుతుంటే చేతికి తెలుస్తుంది. చాలా రకాల కప్లింగుల్లో రెండు ముక్కలు ఇనుముకు ఇనుము తగిలేదాకా బిగించాలి. బోల్టు దగ్గర ముక్కలు కలిసే అంచు ఏటవాలుగా ఉండే రకానికి తయారీదారు కొలతే ప్రమాణం.

అభ్యాసానికి రెండు పొట్టి ముక్కలను కలిపి, మళ్లీ విప్పి గ్యాస్కెట్ అంచులు పరిశీలించండి. నలిగినదాన్ని పారేయండి. నీరున్న లైను మీద మాత్రం ఒత్తిడి పూర్తిగా దించి, నీరు వదిలేదాకా ఏ నట్టునూ ముట్టుకోవద్దు.

వచ్చే పాఠం: నీటి ఒత్తిడి పరీక్ష.