ఆవ పెట్టిన కూర, చేప బెసర చేదెక్కితే: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగిళ్లలో ఆవ వంటలు రెండు రకాలు. ఒకటి పనసపొట్టుకో అరటికాయకో ఆవ పెట్టిన కూర, రెండోది ఒడియా ఇరుగుపొరుగు దగ్గర నేర్చుకున్న చేప బెసర, అంటే ఆవ ముద్ద గ్రేవీలో వండే చేప కూర. రెండింటి గురించీ వచ్చే ఫిర్యాదు ఒకటే, చేదొచ్చేసిందని. అడిగినవాళ్లలో చాలామంది ఆవాలు మార్చి చూస్తారు, కొట్టు మార్చి చూస్తారు, నూనె మార్చి చూస్తారు. ముద్దను మాత్రం కూరలో వేసే ముందు ఒకసారి నాలిక మీద పెట్టుకుని చూడరు. దయచేసి ముందు అది చేయండి. చేదు ముద్దలో ఉందా, పొయ్యి మీద పుట్టిందా అన్నది అక్కడే తేలిపోతుంది, మిగతా వెతుకులాట సగం తగ్గిపోతుంది.

రుచి చూడటానికీ ఒక సమయం ఉంది. నూరిన వెంటనే ఏ ఆవ ముద్దయినా కాస్త చేదుగానే ఉంటుంది. చల్లని నీళ్లతో నూరి, మూత పెట్టి, పది పదిహేను నిమిషాలు పక్కన పెట్టి అప్పుడు చూడండి. ముక్కులోకి ఘాటు కొట్టి చేదు వెనక్కి తగ్గి ఉంటే ముద్ద మంచిదే.

పక్కన పెట్టాక కూడా ముద్ద చేదుగానే ఉంది, ఘాటు లేదు

కారణం దాదాపు ఎప్పుడూ వేడే. కూర ఇంకా పొయ్యెక్కనే లేదు కాబట్టి వేడి మాట ఎవరికీ తట్టదు, అందుకే ఇంతమందిని ఇది ఏడిపిస్తోంది.

ఒక పచ్చి ఆవగింజ నమిలి చూడండి. ముందు చేదు తగులుతుంది, కాసేపటికి ఘాటు లేస్తుంది. గింజలో ఉన్న చేదు పదార్థం పేరు సినిగ్రిన్. అదే గింజలో మైరోసినేజ్ అనే ఎంజైము వేరేగా దాగి ఉంటుంది. గింజ చితికి, తడి తగిలి, రెండూ కలిసినప్పుడు ఆ ఎంజైము చేదును విరగ్గొట్టి ఘాటుగా మారుస్తుంది. అంటే మనకు కావలసిన ఘాటు ఆ చేదులోంచే పుట్టాలి. వేడి తగిలితే ఎంజైము పని మానేస్తుంది, చేదు మాత్రం చెక్కుచెదరకుండా ముద్దలో మిగిలిపోతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలు పంటి కింద పడ్డా ముక్కుకెక్కకపోవడానికి కారణం ఇదే. ఆవకాయకు ఆవాలు వేయించకుండా ఎండబెట్టి కొట్టించడం కూడా మన పెద్దవాళ్లు తెలిసి చేసిన పనే.

ఇక ఆ వేడి ఎక్కడినుంచి దూరుతుందో చూడండి. త్వరగా నానాలని ఆవాలమీద మరుగునీళ్లు పోస్తారు. లేదా ఆవాలను జీలకర్రతో పాటు మూకుట్లో వేయించేస్తారు. ఈ రెండూ అడిగితే చెప్పేస్తారు కాబట్టి పట్టుకోవడం తేలిక. అసలు దొంగ మూడోది. బెసరకి ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి కలిపి నూరతాం కదా, అందులో జీలకర్ర, ఎండుమిర్చి వేయించి, అవి చల్లారకముందే చట్నీ జార్‌లో పోసి, పైన ఆవాలు వేసి తిప్పేస్తారు. ఆవాలను వేయించారా అని అడిగితే "లేదు పిన్నీ, పచ్చివే వేశాను" అంటారు, అది నిజమే. కానీ ఆ మిరపకాయల వేడి, దాని మీద గింజలు మెదగడం లేదని ఆపకుండా తిప్పిన మిక్సీ వేడి, రెండూ కలిసి పని చెడగొట్టేస్తాయి. నూరడం అవగానే జార్ అడుగున చెయ్యి పెట్టి చూడండి, చురుక్కుమంటే దొంగ దొరికినట్టే. సన్నికల్లు మీద నూరినప్పుడు ఈ బాధ లేదు, రాయి చల్లగా ఉంటుంది, చెయ్యి కూడా మెల్లగా తిరుగుతుంది.

పరిష్కారం కష్టమేం కాదు. ఆవాలు చల్లని నీళ్లలోనే నానబెట్టండి, రాత్రే వేసుకుంటే ఇంకా మంచిది. వేయించినవి పూర్తిగా చల్లారనివ్వండి, లేదంటే వాటిని విడిగా పొడి చేసుకుని తర్వాత కలపండి. ఆవాలతో కొంచెం ఉప్పు, ఒకటి రెండు పచ్చిమిర్చి వేసి, ఫ్రిజ్ నీళ్లు చిలకరిస్తూ, ఆపి ఆపి తిప్పండి. తర్వాత ఆ పది పదిహేను నిమిషాలు ఆగండి, చుట్టాలు గుమ్మంలో ఉన్నా సరే ఆగండి. చింతపండు, పెరుగు, మామిడి ఒరుగులు ఏవైనా ముద్దలో అప్పుడే కలపొద్దు, పులుపు తగిలితే ఘాటు పుట్టడం నెమ్మదిస్తుంది. ఆగాక వేసుకోండి.

ముద్ద బాగానే ఉంది, కూర చేదొచ్చింది

ఇది పొయ్యి దగ్గర జరిగిన తప్పు. అల్లం వెల్లుల్లి ముద్దను వేయించినట్టు ఆవ ముద్దను నూనెలో వేయిస్తే మాడి చేదెక్కుతుంది. దాన్ని నీళ్లలో జారుగా కలిపి, గ్రేవీ ఉడుకుతున్నప్పుడు, మంట తగ్గించి పోయాలి. ఆ తర్వాత చేప ముక్కలు ఉడికేంత సేపు చాలు.

చేప ముక్కలకు ఆవ ముద్ద పట్టించి నానబెట్టేవాళ్లు ఇంకో తప్పు చేస్తుంటారు, ఆ ముద్దతోనే పెనం మీద వేయించేస్తారు. ముక్క వేగేలోపు పైనున్న ఆవ మాడిపోతుంది. వేయించాలనుకుంటే ఉప్పు, పసుపు మాత్రమే పట్టించి వేయించండి, ఆవ గ్రేవీలోకి ఉంచుకోండి. లేదా వేయించకుండా ముద్దతోనే ఆవిరి మీద ఉడికించండి, అది కూడా చాలా బాగుంటుంది.

పంచఫుటన (ఒడియావాళ్ల ఐదు దినుసుల పోపు) వేసేవాళ్లు అందులోని మెంతుల్ని చూసుకోండి, నల్లబడితే చేదే. వెల్లుల్లి మాడినా అంతే.

చేప శుభ్రం చేసేటప్పుడు లోపలి ఆకుపచ్చ చేదు తిత్తి పగిలితే కూడా చేదొస్తుంది. అయితే అప్పుడు పొట్ట వైపు ముక్కలే ఎక్కువ చేదుంటాయి, తేడా తెలిసిపోతుంది. ముక్కిపోయిన పాత ఆవాలు, ఎప్పటిదో తెలియని ప్యాకెట్ ఆవపొడి కూడా కారణం కావచ్చు గానీ అరుదు, వాటి గురించి టెన్షన్ పడకండి.

చేదు లేదు, ఘాటూ లేదు

ఎక్కువ సేపు మరిగించారు. ఆవ ఘాటు ఆవిరితో పాటు ఎగిరిపోయే రకం. పనసపొట్టు, అరటికాయ, కంద బచ్చలి లాంటి వాటికి కూర దించి, కాస్త వేడి తగ్గాకే ఆవ కలపడం అందుకే. బెసరలో కూడా సగం ముద్ద మొదట వేసి, మిగతా సగం దించే ముందు వేస్తే ఘాటు నిలబడుతుంది.

ఇప్పటికే చేదెక్కింది, చుట్టాలు వచ్చేస్తున్నారు

ముద్ద దశలోనే తెలిస్తే మేలు. దాన్ని పూర్తిగా చల్లార్చి, ఒక చెంచా పచ్చి ఆవాలు విడిగా చల్లని నీళ్లతో నూరి అందులో కలిపి, పావుగంట మూత పెట్టండి. కొత్త గింజల్లోని ఎంజైము పాత చేదును కూడా కొంత విరుస్తుంది. మాడిన చేదుకి మాత్రం ఇది పనిచేయదు.

కూర అయిపోయాక తెలిస్తే చేదును బయటికి తీయలేం, పలచన చేయగలం అంతే. చేప ముక్కలు మెల్లగా తీసి పక్కన పెట్టి, సగం గ్రేవీ పారబోయండి. టమాటా, నాలుగు మామిడి ఒరుగులు, చిన్న బెల్లం ముక్క వేసి కొత్తగా గ్రేవీ ఉడికించి, మిగిలిన పాతది అందులో కలిపి, ముక్కలు వేసి దించేయండి. పనసపొట్టు కూరయితే ఇంకొంచెం ఉడికించిన పొట్టు, చింతపండు పులుసు కలపడం ఒక్కటే దారి. పారబోయడానికి మనసొప్పక ఆ చేదు గ్రేవీ మొత్తం ఉంచుకుని పైన పంచదార గుమ్మరించకండి, తీపీ చేదూ రెండూ విడివిడిగా తెలుస్తాయి.