అటక మీది బిందెను చదవడం ఓడలో నేర్చుకున్న

నేను హనుమకొండలో రిటైరైన సోషల్ టీచర్‌ను. ముప్పై ఏండ్లు బోర్డు మీద కాకతీయుల వంశవృక్షం గీసిన. రెండో ప్రోలరాజు కింద రుద్రదేవుడు, మహాదేవుడు, మహాదేవుని కింద గణపతిదేవుడు, ఆయన కింద రుద్రమ. పుస్తకం చూసేదే లేదు. ఒకనాడు మనవరాలు ఫోన్లో, "అమ్మమ్మా, మీ తాతవాళ్ల అమ్మ పేరేంటి?" అని అడిగింది. నాకు తెల్వదు. మా ఇంట్లో ఎవరికీ తెల్వదు.

మా బిడ్డ టెక్సాస్‌లో ఉంటది. నేను అక్కడికి పోయినప్పుడు, "నీకు సరిపోయే ఓడ ఒకటి ఉన్నదమ్మా" అని టికెట్ కొన్నది. గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రాత్రుల ప్రయాణం. వేల మంది ఎక్కే మామూలు విహార నౌకే, కాకపోతే అందులో వంశ చరిత్ర వెతికేటోళ్ల గుంపు ఒకటి, ముప్పై మందిమి. మాకు ఒక మీటింగ్ హాలు ఇచ్చిన్రు. నా పక్కన కూర్చున్న ముసలాయన వాళ్ల తాత ఇదే రేవులో దిగిండట. 1907 నుంచి 1914 దాకా పది వేల మంది యూదులు యూరప్ నుంచి గాల్వెస్టన్ మీదుగనే అమెరికాకు వచ్చిన్రు. ఆయన దగ్గర తాత దిగిన ఓడ పేరు, దిగిన తేదీ ఉన్నయి. నాకు మాత్రం తాత తల్లి పేరు కూడా లేదు.

అట్లాంటి ఓడ ఎక్కాలనుకునేటోళ్లకు నాలుగు ముక్కలు. రేవులో ఆగిన రోజు పాఠాలుండయి, ఎవరి తిరుగుడు వాళ్లది. నడి సముద్రంలో ఉన్న రోజుల్లోనే క్లాసులు. అందుకే టికెట్ కొనేముందు ఎన్ని ఊర్లు చూపిస్తరని కాదు, ఎన్ని రోజులు సముద్రం మీద ఉంటమని అడగండి. మాకు మూడు రోజులు దొరికినయి. క్లాసుల ఫీజు ఓడ కిరాయిలో కలిసిందో లేదో ముందే తేల్చుకోండి, మా దగ్గర వేరే కట్టించుకున్నరు. ఇండియా పాస్‌పోర్టుతో పోయేటోళ్ల అమెరికా వీసా ఒక్కసారి అడుగుపెట్టేదే అయితే చిక్కు, ఓడ దేశం దాటి మళ్లా లోపలికి రావాలె గదా. ఓడలో ఇంటర్నెట్ పిరం. కాయితాల నకళ్లు, ఫొటోలు ఇంటి కాడనే ఫోన్లోకి దింపుకొని పోవాలె. వాంతుల గోలీ మొదటి రోజే వేసుకోండి. నేను మామిడికాయ తొక్కును నమ్ముకొని మొదటి క్లాసు సగం పోగొట్టుకున్న.

అసలు లాభం ఒక్కొక్కరితో విడిగా కూర్చునే ఇరవై నిమిషాల్లో ఉంటది. మాకు చెప్పిన టీచరమ్మకు డెబ్బై దాటినయి. నీ ప్రశ్న ఒక్క లైన్లో రాసుకొని రమ్మన్నది. "మా వంశం మొత్తం కావాలె" అని రాసిన. నవ్వి కాయితం వాపసిచ్చింది. "మావాళ్లు ఎక్కడి నుంచి వచ్చిన్రు?" అని రాసిన. అదీ వాపసే. ముప్పై ఏండ్లు పిల్లల పేపర్లు దిద్దినదాన్ని, నా పేపర్ రెండుసార్లు వెనుకకొచ్చింది. మూడోసారి మనవరాలి ప్రశ్ననే రాసిన: మా తాతను కన్నతల్లి పేరేంది, ఆమె ఏ ఊరి ఆడబిడ్డ? అప్పుడు కుర్చీ దగ్గరికి జరుపుకొని మాట మొదలుపెట్టింది. మీరు కూడా ఇట్లాంటి ఒక్క ప్రశ్నతోటే మొదలుపెట్టండి, ఒక మనిషి, ఒక సంగతి. అది తేలకుండా రెండోదాని జోలికి పోవద్దు.

తర్వాత లెక్క నేర్పింది. మీకు మీరు 1. నాయిన 2, అమ్మ 3. ఎవరి నంబరునైనా రెండింతలు చేస్తే వాళ్ల నాయిన, దానికి ఒకటి కలిపితే వాళ్ల అమ్మ. నాయిన తండ్రి 4, నాయిన తల్లి 5, అమ్మ తండ్రి 6, అమ్మ తల్లి 7. నేను వెతికే ముత్తవ్వ 9. నోటుబుక్కులో నంబర్‌కొక పేజీ పెట్టుకుంటే ఎవరి ముచ్చట ఎక్కడ రాయాలన్న గడబిడ ఉండదు.

నా పట్టిక చూసి ఆమె ఒక్కచోట ఆగింది. మా నాయిన తన పెద్దక్క బిడ్డనే చేసుకున్నడు. అంటే మా అమ్మమ్మ నాకు మేనత్త కూడా. ఆమె నంబరు 7, ఆమె తల్లిదండ్రులు 14, 15. వాళ్లే 4, 5. అట్లనే 9 ఉన్న గడి 29 కూడా అయితది. "తప్పు పడ్డట్టున్నది" అన్నది టీచరమ్మ. తప్పు కాదమ్మా, మేనరికం అని చెప్పిన. పది నిమిషాలు నేనే ఆమెకు పాఠం చెప్పినట్టయింది. మన ఇండ్లలో ఒక మనిషికి రెండు నంబర్లు రావడం మామూలే, రెండు పేజీల్లో ఒకదాని మీద "ఫలానా నంబరు చూడుము" అని రాసుకుంటే చాలు.

ఉమ్మి పరీక్షలు, అదే డీఎన్ఏ కిట్ల గురించి కూడా ఒక క్లాసు జరిగింది. అన్నదమ్ముల పిల్లల మధ్య సుమారు 12.5 శాతం కలుస్తదని వాళ్ల లెక్క. తరతరాలుగా మేనరికాలు చేసుకున్న మనకు దూరపు చుట్టం కూడా దగ్గరోళ్ల లెక్క కనపడతడు. నేను కిట్ కొనలే. ఆ పైసలతో ఊర్లు తిరగడం మేలనిపించింది.

ఇంటికొచ్చినంక అసలు పని మొదలైంది. అమెరికావాళ్లకు జనాభా లెక్కల కాయితాలు పెద్ద ఆసరా. 72 ఏండ్లు దాటినంక ఇంటింటి పేర్లతో సహా తెరుస్తరు, 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో తెరిచిన్రు. మన దగ్గర 1948 చట్టం 15వ సెక్షన్ కింద ఆ ఫారాలు ఎవరికీ చూపరు. 1991, 2001, 2011 మూడుసార్లు ఎన్యూమరేటర్ డ్యూటీ చేసినదాన్ని. నేను రాసిన ఫారాలు నాకే చూపరు. మరి మన జనాభా లెక్క ఎక్కడున్నది? పెళ్లిల కట్నాలు రాసిన నోటుబుక్కులో. బంధువు పేరు, ఊరు, ఎంత చదివించిండు, ఏం సామాను పెట్టిండు. ఇంతకంటె పక్కా రికార్డు ఏ సర్కారు దగ్గరా లేదు, ఎందుకంటే అది తిరిగి పెట్టాల్సిన లెక్క. తప్పు రాస్తే తిట్లు పడతయి.

అయితే ముందు మనుషులు, తర్వాత కాయితాలు. కాయితం రేపు కూడా ఉంటది. మా మేనత్త, నాయిన కంటె పెద్దది, తొంభై ఏండ్లు, రేగొండలో ఉంటది. ఆమె దగ్గరికి పోయి "మన చరిత్ర చెప్పు అత్తా" అన్న. "నాకేం తెలుసు బిడ్డా, సదువుకున్నదానివి నీకే తెల్వాలె" అన్నది. అదీ నా తప్పే. మర్నాడు చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, ఫోన్ పక్కన పెట్టి, నాయిన పెళ్లికి వంట ఎవరు చేసిన్రని అడిగిన. అంతే, రెండు గంటలు ఆగలే. వంట నుంచి చీరెలకు, చీరెల నుంచి అలిగిపోయినోళ్లకు, అక్కడి నుంచి మా ముత్తవ్వకు వచ్చింది. పేరు మాత్రం ఆమెకూ తెల్వదు. కోడండ్లు అత్త పేరు ఎత్తకపోయేది, పిల్లలకు అవ్వ అంటే అవ్వనే. "ఊరంత మొగుళ్లపల్లామె అనేటోళ్లు" అన్నది. ఆ ఒక్క మాటతో నా ప్రశ్నలో సగం తేలింది. మన దిక్కు ఆడమనిషిని పుట్టినూరి పేరుతో పిలుస్తరు. శాయంపేటామె, పరకాలామె, కమలాపురామె. పెద్దోళ్ల నోట అట్లాంటి పేరు వినపడితే వెంటనే రాసుకోండి, అది అడ్రస్.

ఇంకొకటి, మగోళ్లను తక్కువ అడగండి, ఆ ఇంట్లో పుట్టి బయట ఊర్లకు పోయిన ఆడబిడ్డలను ఎక్కువ అడగండి. మా పెదనాయిన కొడుకులకు భూమి తగాదాలు తప్ప ఏం గుర్తు లేవు. ఆడబిడ్డకు పుట్టిల్లంటే గుమ్మం మొదలు పెరట్లో జామచెట్టు దాకా యాదికుంటది.

సంవత్సరం అడిగితే పెద్దోళ్లు చెప్పలేరు. పుష్కరాలు అడగండి. కాళేశ్వరంల పుష్కరాలప్పుడు చంకల పిల్ల ఉన్నదా, నడుస్తున్నదా? గోదావరి పుష్కరాలు 1967, 1979, 1991, 2003, 2015. కృష్ణవి ఆ మరుసటేడు వస్తయి, ఏ నదికి పోయిన్రో అడగకపోతే ఒక ఏడు తేడా పడతది. ఇంకా వెనుకటి ముచ్చటైతే రజాకార్ల కాలం ముందా, తర్వాతా అని అడిగితే 1948 గీత దొరుకుతది. ప్రతి ముక్క పక్కన ఎవరు చెప్పిన్రు, ఏ తేదీన, వాళ్లు కండ్లారా చూసిందా విన్నదా అని రాయాలె. ఓడ టీచరమ్మ దీన్ని మూడు రోజుల్లో ముప్పైసార్లు చెప్పింది. అప్పుడు విసుగొచ్చింది గాని, మా ఇద్దరు చిన్నమ్మలు ఒకే చావుకు రెండు కారణాలు చెప్పినప్పుడు ఆమె యాదికొచ్చింది.

ఇగ కాయితాలు. తెలంగాణలో భూమి ఉన్నోళ్లకు 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరి పేరు మీద ఉన్నదో రాసిన రిజిస్టర్, మొదటి మెట్టు. దానికి వెనుక నిజాం కాలం సేత్వార్, అంటే భూమి సర్వే రిజిస్టర్ ఉంటది, అది ఉర్దూ. తహసీల్దార్ ఆఫీసులో నకలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నన్ను ఒక ఆఫీసులో నాలుగుసార్లు తిప్పిన్రు, సారు మీటింగ్‌లో ఉన్నడు, బీరువా తాళం దొరుకుతలేదు. ఐదోసారి సమాచార హక్కు చట్టం కింద అర్జీ రాసి ఇచ్చిన. 30 రోజుల్లో జవాబియ్యాలె గదా, తాళం దొరికింది.

మాది మగ్గాల ఇల్లు, మొత్తం భూమి ఎకరం పది గుంటలు. ఆ పుట మీద నీలి సిరా పాకింది. పట్టాదారు గడిలో గుండ్రటి అక్షరాలతో "లచ్చమ్మ బేవా మల్లయ్య" అని ఉన్నది. వల్ద్ అంటే కొడుకు, జౌజె అంటే భార్య, బేవా అంటే విధవ. మల్లయ్య మా ముత్తాత అని అందరికీ తెలుసు. అంటే 9వ నంబరు గడిలో రాయాల్సిన పేరు లచ్చమ్మ. ఆ గడి చూస్తే మల్లయ్య అప్పటికే పోయినట్టున్నది, బతికుంటే పట్టా ఆయన పేరు మీదనే ఉండేది. మొగడు పోయినంకనే ఆమె పేరు కాయితంకెక్కింది. ఆ ఆఫీసు బెంచీ మీద చాలాసేపు కూర్చున్న.

పాత కాయితం మీద తేదీ ఫసలీలో, అంటే నిజాం సర్కారు రెవెన్యూ లెక్క ఏడులో ఉంటది. దానికి 590 కలపండి. 1349 ఫసలీ అంటే 1939-40. కొత్త ఏడు అక్టోబర్‌లో, ఆజూర్ నెలతో మొదలవుతది. మా తమ్ముని కొడుకు ఒక దస్తావేజు మీద 1349 చూసి, ఇంగ్లీషు ఏడనుకొని, "అత్తా, మనది కాకతీయుల తర్వాత ఓరుగల్లు ఏలిన కాపయ నాయకుని కాలం పట్టా" అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టిండు. సాయంత్రం దాకా అందరూ చప్పట్లే. ఉర్దూ చదివించుకోవడానికి నేను వరంగల్ మండీబజార్‌కు పోయిన, ఒక పెద్దాయన ఛాయ్ తాగి చదివి పెట్టిండు, పైసలు ముట్టుకోలే.

ఏ జిల్లా రికార్డు అని కూడా ఆలోచించాలె. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలో భాగమే. సాయుధ పోరాటం నాడు జనగామ తాలూకా నల్గొండ కింద ఉండేది. ఇప్పటి జిల్లా పేరు పట్టుకొని వెతికితే దొరకదు. హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉన్నది, దాని దాకా పోవాల్సి వస్తే ఊరి పేరు, తాలూకా పేరు అప్పటివి రాసుకొని పోండి. బడి రిజిస్టర్‌లో తండ్రి పేరు, ఊరు నమ్మండి గాని పుట్టిన తేదీ నమ్మొద్దు. నేను చేర్చుకున్న పిల్లల్లో సగం మంది జూన్‌లో పుట్టినోళ్లే, ఆ తేదీలు మేం పెట్టినయే.

కుల పురాణం చెప్పేటోళ్లను కూడా మరువొద్దు. పద్మశాలీలకు కూనపులోళ్లు, ముదిరాజులకు కాకి పడగలోళ్లు, మాదిగలకు డక్కలోళ్లు, గొల్లలకు మందహెచ్చులోళ్లు. వాళ్లు ఏ ఊర్లకు త్యాగం, అంటే ఆ కులపోళ్లు ఇచ్చే కానుక, అడగడానికి వస్తరో, ఆ ఊర్లలో మీ వాళ్లు ఎన్ని ఇండ్లో అడిగితే చెప్తరు. నాకు ఇంకా కలవలే, చలికాలం రావాలె.

చివరికి బిందె. నాయిన పెళ్లి నోటుబుక్కు, 1958ది, మా వదినె ట్రంకు పెట్టెలో దొరికింది. మొగుళ్లపల్లి పేరుతో ఏడు లైన్లున్నయి. ఆరింటికి రూపాయి, రెండు రూపాయలు. ఏడోది: "రూ. 11, ఇత్తడి బిందె 1". పదకొండు రూపాయలు, పైన బిందె, అప్పట్లో దూరపు చుట్టం పెట్టేది కాదు. అటక ఎక్కిచ్చి బిందెలన్నీ దింపిచ్చిన. మూడోదాని మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు, మకిలి పట్టి కనపడ్తలేవు. చింతపండు పెట్టి రుద్దబోతే వదినె వద్దన్నది, అరిగిపోతయని. చాక్‌పీస్ పొడి చేసి, గుడ్డతో అద్ది, పక్క నుంచి టార్చి కొట్టినం. "మొగుళ్లపల్లి వారి కానుక 1958" అని తెల్లగా తేలింది. ఫొటో తీసి నంబరు 9 పేజీలో అతికించిన, 29 పేజీలో "9 చూడుము" అని రాసిన.

మొగుళ్లపల్లికి పోయి ఆ ఇల్లు వెతకాలె. ఆ ఇంటోళ్లు భీవండికి పోయిన్రని ఒకరు, సూరత్ అని ఇంకొకరు అంటున్నరు. ఈలోపల వదినె మొన్న రాత్రి ఫోన్ చేసింది. పాత ఇత్తడికి స్టీలు సామాన్లు ఇచ్చేటోడు వచ్చిండట, గంగాళం ఒకటి వేద్దామని బయట పెడితే అడుగున ఏదో రాసున్నదట. "ఉంచాల్నా, వెయ్యాల్నా?" అన్నది. ముట్టుకోవద్దన్న. ఆదివారం పొద్దున బస్సుకు పోతున్న, సంచీలో రెండు చాక్‌పీసులు వేసుకున్న.