బండి పాఠాలు – 4: సీసీ అంటే ఎంత జాగా?

పోయిన పాఠంలో ఇంజన్ నాలుగు స్ట్రోకులు చూశాం. పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం. పిస్టన్ ఒక్కసారికి ఎంత పీలుస్తుందో ఈసారి లెక్క కడదాం. పెన్ను, కాగితంతో పాటు సూది లేని 5 ఎం.ఎల్. సిరంజి ఒకటి దగ్గర పెట్టుకోండి.

ముందు సిరంజి పట్టుకోండి. ప్లంజర్‌ని పూర్తిగా లోపలికి నొక్కి, 5 గీత దాకా వెనక్కి లాగండి. ఇప్పుడు లోపలికి వచ్చిన గాలి 5 ఎం.ఎల్. దాన్నే 5 సీసీ అనవచ్చు, ఎందుకంటే ఒక ఎం.ఎల్., ఒక సీసీ రెండూ ఒకటే. ఆసుపత్రిలో నర్సమ్మ "రెండు సీసీ ఎక్కించాలి" అంటుందే, మన బండి సీసీ కూడా అదే. క్యూబిక్ సెంటీమీటర్, అంటే బడిలో చదువుకున్న ఘన సెంటీమీటర్.

సిరంజి గొట్టం మన సిలిండర్, ప్లంజర్ మన పిస్టన్. పిస్టన్ పైకొస నుంచి కిందికొస దాకా ఒకసారి వెళ్తే ఎంత జాగా ఊడ్చుకుపోతుందో, అదే ఆ సిలిండర్ డిస్‌ప్లేస్‌మెంట్. ఫిజిక్సు పుస్తకంలో ఈ మాటని స్థానభ్రంశం అని రాస్తారు గానీ, ఆ మాట షెడ్డులో అంటే మెకానిక్ మనల్ని వింతగా చూస్తాడు. సీసీ అందాం, చాలు.

ఇంకో సంగతి. ప్లంజర్‌ని ఎంత నొక్కినా సిరంజి మూతి దగ్గర కాస్త ఖాళీ మిగులుతుంది. ఇంజన్‌లోనూ పిస్టన్ పైకి చేరినప్పుడు హెడ్ (సిలిండర్ పైమూత) కింద అలాంటి ఖాళీ ఉంటుంది. మంట పుట్టేది అక్కడే, కానీ దాన్ని సీసీలో కలపరు. పిస్టన్ ఊడ్చిన జాగానే లెక్క.

ఇప్పుడు కాగితం తీయండి. స్తూపం ఘనపరిమాణం పై ఆర్ స్క్వేర్ హెచ్ అని బట్టీ పట్టాం కదా, అది ఇన్నాళ్లకు పనికొస్తుంది. సిలిండర్ లోపలి వ్యాసాన్ని బోర్ అంటారు. పిస్టన్ కదిలే దూరం స్ట్రోక్. హీరో స్ప్లెండర్ ప్లస్‌కి బోర్ 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 49.5. వీటిని సెంటీమీటర్లలోకి మార్చుకోవాలి, చాలామంది తప్పేది ఇక్కడే. వ్యాసం 5 అయితే వ్యాసార్థం 2.5. దాని వర్గం 6.25. దాన్ని 22/7తో గుణిస్తే 19.64. దాన్ని మళ్లీ 4.95తో గుణించండి. 97.2 వస్తుంది. ఆర్.సి.లో క్యూబిక్ కెపాసిటీ అన్న చోట ఈ అంకె కాస్త అటూ ఇటూగా కనిపిస్తుంది. మనం వంద సీసీ బండి అని పిలిచేది నిజానికి వంద కాదు. ఒక క్వార్టర్ సీసాలో 180 ఎం.ఎల్. పడుతుంది, అంటే స్ప్లెండర్ పిస్టన్ ఊడ్చే జాగా అందులో సగం పైచిలుకే. అంత జాగాతోనే ఊళ్లో పాల క్యాన్లు, గడ్డిమోపు, వెనక ఇద్దరు పిల్లలు కదులుతున్నారు.

బోర్ అనే మాట మెకానిక్ నోట ఇంకోలా కూడా వినే ఉంటారు. బండి నీలం పొగ వదులుతూ ఆయిల్ తాగేస్తుంటే "బోర్ చేయించాలి" అంటాడు. అరిగిన సిలిండర్‌ని కాస్త పెద్దదిగా చెక్కించి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేయడమన్నమాట. అర మిల్లీమీటర్ పెద్ద పిస్టన్ వేస్తే పై లెక్క ప్రకారం 97.2 కాస్తా 99.2 అవుతుంది. పెరిగింది రెండు సీసీలే. కాబట్టి బోర్ చేయించాక బండి లాగుడు బాగుందంటే ఆ రెండు సీసీల వల్ల కాదు, కంప్రెషన్ లీకు (నొక్కిన గాలి పక్కల నుంచి కారిపోవడం) ఆగడం వల్ల.

ఇక అసలు తగువు. సీసీ ఎక్కువైతే బలం అంతకు అంత పెరుగుతుందా?

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకోండి. బోర్ 72, స్ట్రోక్ 85.8, మొత్తం 349 సీసీ. 2013లో మన దేశంలోకి వచ్చిన కేటీఎం 390 డ్యూక్‌కి బోర్ 89, స్ట్రోక్ 60. పేరులో 390 ఉన్నా లెక్క కడితే 373. తేడా 24 సీసీలే. కానీ క్లాసిక్ బలం 20 హార్స్‌పవర్, ఆ డ్యూక్‌ది 43. రెట్టింపు దాటింది!

ఎందుకంటే క్లాసిక్‌ది సన్నటి, పొడుగు సిలిండర్. ఇంజన్ ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా పిస్టన్ చాలా దూరం పోయి రావాలి. గరిష్ఠ బలం వచ్చేది నిమిషానికి 6100 చుట్ల దగ్గర. డ్యూక్‌ది వెడల్పు, పొట్టి సిలిండర్, అది 9000 దాకా వెళ్తుంది. ఆ వేగాల దగ్గర పిస్టన్ సెకనుకు సగటున ఎన్ని మీటర్లు పరిగెడుతుందో నేను కట్టి చూశాను. క్లాసిక్‌ది 17.4, డ్యూక్‌ది 18. ఇంచుమించు సమానం! అంటే పిస్టన్లు రెండూ ఒకేలా పరిగెడుతున్నాయి, కానీ పొట్టి అడుగులది నిమిషంలో ఎక్కువసార్లు మంట వేయగలుగుతోంది. అందుకు బదులుగా క్లాసిక్ తన లాగుడంతా 4000 దగ్గరే ఇచ్చేస్తుంది, గేర్లు మాటిమాటికీ మార్చక్కర్లేదు. నాకైతే ఊరి రోడ్లకు అదే హాయి.

ఇంకా తేలిక ఉదాహరణ కావాలంటే యమహా ఆర్ఎక్స్ 100. బోర్ 50, స్ట్రోక్ 50, కాబట్టి 98 సీసీ. స్ప్లెండర్‌కి అచ్చం కవలపిల్లే. కానీ స్ప్లెండర్ ఎనిమిది హార్స్‌పవర్ దగ్గర ఆగితే, ఇది 11 ఇచ్చేది. టూ స్ట్రోక్ కదా, చుట్టుకొకసారి మంట. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకొకసారి. మరి రెట్టింపు ఎందుకు రాలేదంటారా? పీల్చుకున్న పెట్రోల్‌లో కొంత కాలకుండానే పొగతోపాటు సైలెన్సర్‌లోకి జారిపోయేది. దాని మైలేజీ, దాని పొగ రెండూ అందుకే అలా ఉండేవి.

సర్కారుకు మాత్రం ఈ తేడాలతో పని లేదు, సీసీయే కొలబద్ద. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌కి 75, 150, 350 దగ్గర గీతలున్నాయి. జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 దాకా 18 శాతం, ఒక్క సీసీ దాటినా 40. క్లాసిక్ 349 దగ్గర ఎక్కడ నిలబడిందో చూశారా!

ఇంటిపని: రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ బోర్ 78, స్ట్రోక్ 67.8. సీసీ ఎంతో కట్టండి. దానికి సిలిండర్లు రెండని మరిచిపోవద్దు. సమాధానం వచ్చే పాఠంలో చూద్దాం, టార్క్ సంగతి కూడా అక్కడే.