మాటలు రాని పేషెంటు వార్డులో చేరితే: నర్సులు మొదట రాసిపెట్టుకోవాల్సిన ఒక పేజీ

మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు వార్డులో చేరినప్పుడు, వాళ్ల గురించి అన్నీ తెలిసిన మనిషి మంచం పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంటుంది. అమ్మో, అక్కో, నాయనమ్మో. ఆమె టీ తాగడానికి కిందికి వెళ్తే ఆ పావుగంట వార్డులో ఎవరికీ ఏమీ తెలియదు. నైట్ డ్యూటీ వాళ్లకి అసలే తెలియదు. కేస్ షీటులో ‘నాన్ కోఆపరేటివ్’ అని ఒక ముక్క మాత్రం ఉంటుంది, అది ఎవరికీ పనికిరాదు. అందుకని చేరిన రెండు మూడు గంటల్లోనే ఆమెను అడిగి ఒక పేజీ నింపండి. ఆమె చదివి సరిచూసేలా తెలుగులో రాయండి. కేస్ షీటుకి మొదటి పేజీగా పెట్టి, షిఫ్టు మారేటప్పుడు మంచం దగ్గరే నిలబడి చదివి అప్పగించండి.

అడిగే పద్ధతి

‘ప్రాబ్లం ఏమైనా ఉందా అమ్మా?’ అంటే ‘ఏం లేదు మేడం’ అనే జవాబే వస్తుంది. విడివిడిగా అడగాలి. నొప్పొస్తే బాబు ఏం చేస్తాడు? ఒంటేలొస్తే ఎలా తెలుస్తుంది? దొడ్డికి చివరిసారి ఎప్పుడు వెళ్లాడు? మందు దేంట్లో కలిపి ఇస్తారు? ఫిట్స్ ఎలా మొదలవుతాయి, ఎంతసేపుంటాయి? ఏం చూస్తే భయపడతాడు? జవాబుల్ని ఆమె మాటల్లోనే దించుకోండి. పేజీ ఈ తీరులో ఉంటే చాలు:

‘నొప్పి: ఏడవడు. కుడి చెంప మీద కొట్టుకుంటాడు, అన్నం ముట్టడు. మామూలుగా: రోజంతా ముందుకీ వెనక్కీ ఊగుతాడు, అది బాధ కాదు. ఊగడం మానేస్తే ఒంట్లో బాగాలేదని. తిండి: మెత్తగా పిసికిన పప్పన్నం, చిన్న స్పూను. గ్లాసుతో నీళ్లిస్తే పొలమారుతుంది. భయం: తెల్లకోటు, మెషీన్ల బీప్ శబ్దం.’

అన్నిటికంటే విలువైనది ‘మామూలుగా’ అన్న గడి. చాలామంది దాన్నే ఖాళీగా వదిలేస్తారు. మామూలు ఏమిటో తెలియకపోతే మార్పు ఎవరికీ కనపడదు.

నొప్పి

తల గోడకేసి కొట్టుకుంటుంటే ‘వీళ్లు అంతేలే’ అనుకుని నిద్రమందు అడగడం మామూలైపోయింది. కొత్తగా మొదలైన ఏ అలవాటైనా జబ్బు లక్షణమే అనుకుని ముందు ఒళ్లంతా చూడండి: పళ్లు, చిగుళ్లు, చెవులు, గొంతు, పొట్ట, మూత్రం, డైపర్ కింద చర్మం, చివరికి కాళ్లూ చేతులూ. నడవలేనివాళ్లకి, ఏళ్ల తరబడి ఫిట్స్ మందులు వాడేవాళ్లకి ఎముకలు బలహీనపడతాయి. బట్టలు మారుస్తుండగా ఎముక విరిగినా బయటికి తెలియకపోవచ్చు. ఆడపిల్లలైతే నెలసరి తేదీలు కూడా రాయండి.

కొలవడానికి సవరించిన ఫ్లాక్ స్కేలు వాడండి. ముఖం, కాళ్లు, కదలికలు, ఏడుపు, ఊరడింపు అని అయిదు అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. ఆ బిడ్డకే ప్రత్యేకమైన గుర్తుల్ని అందులో చేర్చుకోవచ్చు. పై ఉదాహరణలో చెంప మీద కొట్టుకోవడం అలాంటిదే. నొప్పి మందుకి ముందూ తర్వాతా స్కోరు వేయండి.

తినిపించడం

ప్రాణాల మీదికి వచ్చేది ఎక్కువగా ఇక్కడే. ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో పోసే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. తల వెనక్కి వాలితే శ్వాసనాళం తెరుచుకుంటుంది, పోసింది నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఆముదం, లిక్విడ్ పారఫిన్ లాంటి నూనెలైతే మరీ ప్రమాదం. దగ్గు రాకుండానే లోపలికి జారి న్యుమోనియా తెస్తాయి.

నిటారుగా కూర్చోబెట్టండి, నడుము వెనక దిండు, పాదాల కింద ఆనుడు ఉండాలి. గడ్డం కొంచెం కిందికి వంచాలి. మీరు నిలబడి తినిపిస్తే పేషెంటు తలెత్తి చూస్తాడు, కాబట్టి కళ్లకి సమానంగా ఎదురుగా కూర్చోండి. చిన్న స్పూనుతో సగమే పెట్టి, గుటక పడ్డాక రెండోది. తిన్నాక కనీసం 30 నిమిషాలు పడుకోబెట్టొద్దు. తింటుండగా గొంతు గరగరలాడినా, కళ్ల నీళ్లు కారినా, ఊపిరి వేగం పెరిగినా ఆపేసి డాక్టరుకి చెప్పండి. దగ్గు లేదు కదా అని ధీమా పడొద్దు. మాటిమాటికీ జ్వరం, ఛాతీలో కఫం వస్తుంటే పొలమారుతున్నట్టే అనుమానించాలి.

చారన్నం, పాలలో నానని అటుకులు, నీళ్ల మజ్జిగన్నం చూడ్డానికి మెత్తనివే గానీ మింగలేనివాళ్లకి కష్టం. నమిలేలోపు నీళ్లు ముందు జారిపోతాయి. గట్టి పప్పన్నం, పెరుగన్నం మెదిపి పెట్టడం మేలు.

నీళ్లకి పొలమారేవాళ్లకి చిక్కటి ద్రవాలివ్వమంటే, ‘చిక్కగా’ అంటే ఒక్కో చేతిలో ఒక్కోలా ఉంటుంది. దానికి సిరంజి పరీక్ష ఉంది. 10 మి.లీ. సిరంజి తీసుకోండి. సున్నా నుంచి 10 దాకా గీతల పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి, అన్ని కంపెనీలవీ అలా ఉండవు. సూది, ప్లంజర్ తీసేసి, కొసని వేలితో మూసి, జావని 10 గీత దాకా పోయండి. వేలు తీసి సరిగ్గా 10 సెకన్లకి మూసేయండి. 1 మి.లీ. కంటే తక్కువ మిగిలితే అది నీళ్లతో సమానం. 1 నుంచి 4 మిగిలితే కొద్దిగా చిక్కన, 4 నుంచి 8 అయితే ఇంకాస్త చిక్కన, 8 దాటి ఇంకా కారుతుంటే ఓ మోస్తరు చిక్కన. స్పీచ్ థెరపిస్టు ఏది చెప్తే ఆ అంకెనే పేజీలో రాయండి. రాగిజావ చల్లారేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి తాగించే వేడిలోనే కొలవాలి. ఇంకో మాట: ఎంగిలి స్పూను గిన్నెలో ముంచుతూ ఉంటే లాలాజలం పిండిని విరగ్గొట్టి జావ పల్చబడుతుంది. మొదట్లో బాగానే తాగిన బిడ్డకి చివర్లో పొలమారడానికి ఇదీ ఒక కారణం. ఆ పూటకి తాగేది వేరే గిన్నెలోకి కొంచెం కొంచెంగా తీసుకోండి.

పొట్ట

విరేచనం చార్టు రోజూ నింపండి. మూడు రోజులు కాకపోతే డాక్టరుకి చెప్పండి. తరచుగా జరిగే పొరపాటు ఒకటి: లోపల గట్టి మలం అడ్డుపడి, దాని పక్కనుంచి నీళ్లలాంటిది కారుతుంటే విరేచనాలనుకుని వాటిని ఆపే మందు లోపెరమైడ్ ఇస్తారు. అప్పుడు పేగు పూర్తిగా మూసుకుపోతుంది. కొద్దికొద్దిగా బట్టల్లో కారుతూ, పొట్ట ఉబ్బి, తిండి తగ్గితే ముందు పొట్ట తడిమి చూపించండి. నీళ్లు సరిగ్గా తాగనివాళ్లకి ఇసబ్‌గోల్ ఇవ్వొద్దు, గొంతులోనే ఉబ్బి అడ్డం పడొచ్చు. ట్రైహెక్సీఫెనిడిల్ (కండరాల బిగుతుకి ఇచ్చేది), క్లోజపైన్ (మానసిక జబ్బుకి ఇచ్చేది) వాడుతుంటే మలబద్ధకం ఉంటుందనే అనుకోండి.

ఫిట్స్

పక్కకి తిప్పండి, టైం చూడండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, కాళ్లూ చేతులూ అదిమి పట్టొద్దు. చేతిలో తాళాల గుత్తి పెడితే ఆగేది ఉండదు, అది ఆగే టైముకి ఆగుతుంది. తాళాలు తెచ్చిన ఇంటివాళ్లని కసరకుండా వాటిని పక్కన పెట్టించి, టైం చూసే పని అప్పగించండి. 5 నిమిషాలు దాటినా, రెండు ఫిట్స్ మధ్య తెలివి రాకపోయినా ఎమర్జెన్సీ. షుగర్ కూడా చూడండి.

ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం మామూలు మోతాదు కిలోకి 0.2 మి.గ్రా., గరిష్ఠం 10 మి.గ్రా. మార్కెట్లో ఒక్కో స్ప్రేకి 0.5 మి.గ్రా. వచ్చే సీసాలూ, 1.25 మి.గ్రా. వచ్చేవీ రెండూ ఉన్నాయి. 15 కిలోల బిడ్డకి 3 మి.గ్రా. అంటే మొదటి రకంలో ఆరు స్ప్రేలు, ముక్కు రంధ్రానికి మూడు. రెండో సీసాతో అవే ఆరు కొడితే 7.5 మి.గ్రా. పోతుంది, ఊపిరి మందగించవచ్చు. కాబట్టి పేజీలో మి.గ్రా.తో పాటు సీసా రకం, స్ప్రేల సంఖ్య రాసి డాక్టరు సంతకం తీసుకోండి. ఇచ్చాక శ్వాస, ఆక్సిజన్ చూస్తూ ఉండండి.

మందులు

ఆపరేషన్ ఉంది, నోటితో ఏమీ వద్దన్నారని పొద్దుటి ఫిట్స్ మందు ఎగ్గొట్టొద్దు. కొంచెం నీళ్లతో ఇవ్వాలా, ఇంజెక్షన్‌గా మార్చాలా అని మత్తు డాక్టరుని ముందురోజే అడగండి. ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్ పూత బిళ్లలు, సీఆర్ (మందు నెమ్మదిగా వదిలే) బిళ్లలు నూరొద్దు, సిరప్ రాయించుకోండి. రైల్స్ ట్యూబులో (ముక్కు నుంచి పొట్టలోకి వేసే గొట్టం) ఫిట్స్ మందు ఫెనిటాయిన్ ఇచ్చేటప్పుడు ఫీడుకీ మందుకీ మధ్య అటూ ఇటూ గంట నుంచి రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. సీసా బాగా కుదపండి. లేకపోతే మొదట్లో పల్చటి మందు, చివర్లో ఓవర్‌డోస్ పడుతుంది.

వాల్‌ప్రోయేట్ వాడేవాళ్లకి మెరోపెనెం అనే యాంటీబయోటిక్ మొదలుపెడితే రక్తంలో వాల్‌ప్రోయేట్ దారుణంగా పడిపోయి ఫిట్స్ తిరగబెడతాయి. కార్బమజెపీన్ అనే ఫిట్స్ మందు వాడేవాళ్లకి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ ఇస్తే మందు మోతాదు మించినట్టయి తూలడం, వాంతులు వస్తాయి. యాంటీబయోటిక్ కలిపేముందు పేజీ ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి మెడ పై ఎముకలు వదులుగా ఉండొచ్చు. మంచం మార్చేటప్పుడు, మత్తిచ్చేటప్పుడు తలని గట్టిగా వెనక్కి వంచొద్దు.

రక్తం తీయడానికి తొందర లేకపోతే మొద్దుబార్చే క్రీము గంట ముందు రాసి మూసి ఉంచండి. టర్నికెట్ (చేతికి బిగించే పట్టీ) ముందు చేతికిచ్చి ఆడుకోనివ్వండి. నలుగురు కలిసి పట్టుకుని ఒకసారి తీస్తే, తర్వాతిసారి ఎనిమిది మంది కావాలి.

ఇంటికి పంపేటప్పుడు

మందు మి.గ్రా.లో కాదు, మి.లీ.లో రాసి, సిరంజి మీద గీత పెట్టి చూపించండి. తల్లితోనే ఒకసారి తీయించండి. 18 నిండాక తల్లిదండ్రులు చట్టం దృష్టిలో దానంతటదే సంరక్షకులు కారనీ, నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలనీ చాలామందికి తెలియదు, చెప్పండి. అదే ట్రస్టు నిరామయ బీమా కింద లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు వస్తుంది. చికిత్స, శిక్షణల కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది.

పేజీ ఒక కాపీ తీసి ఇవ్వండి, ఆమె ఫోనులో ఫోటో కూడా తీయించండి. కింద తేదీ వేయండి. ఏ మందు మోతాదు మారినా పాత పేజీ చింపేసి కొత్తది రాయమనండి. కొట్టివేతలున్న పేజీలో అర్ధరాత్రి క్యాజువాలిటీ డాక్టరు ఏ అంకె చదువుతాడో చెప్పలేం.