లోకల్ ఏఐ కోడింగ్ అసిస్టెంట్‌ను పెట్టుకోవడం, కట్టడి చేయడం ఎలా?

"మోడల్ నా కంప్యూటర్‌లోనే ఉంది, ఇంక భయమేముంది?" అనేవాళ్లు ఈమధ్య మరీ ఎక్కువయ్యారు. కోడ్ బయటి సర్వర్‌కు వెళ్లదు, నిజమే. కానీ అసిస్టెంట్ నడిపే ప్రతి కమాండూ మీ యూజర్ అకౌంట్ మీదే నడుస్తుంది. మీరు డిలీట్ చేయగలిగిన ఫైలును అదీ చేయగలదు. మీ ఎస్‌ఎస్‌హెచ్ కీ (వేరే సర్వర్లలోకి లాగిన్ అయ్యే రహస్య ఫైలు) మీకెంత దగ్గరో దానికీ అంతే దగ్గర. ఎక్కడినుంచో దించుకున్న ప్రాజెక్టు రీడ్‌మీలో (పరిచయం రాసే ఫైలులో) "ముందు ఈ స్క్రిప్ట్ నడుపు" అని ఒక లైను దాక్కుని ఉంటే, అది మీరు చెప్పిందో ఫైలు చెప్పిందో మోడల్ ప్రతిసారీ పోల్చుకోలేదు.

1. కావలసినవి

లినక్స్, డాకర్ (ప్రోగ్రామ్‌ను కంటైనర్ అనే విడి గదిలో నడిపే టూల్, మన గోడ ఇదే), 8 జీబీ మెమరీ ఉన్న ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు, దాన్ని కంటైనర్‌కు అందించే ఎన్‌విడియా కంటైనర్ టూల్‌కిట్, డిస్కులో 30 జీబీ ఖాళీ. మ్యాక్‌లో డాకర్ కంటైనర్‌కు జీపీయూ అందదు కాబట్టి ఈ పద్ధతి అక్కడ ఉన్నదున్నట్టుగా కుదరదు.

2. మోడల్

మోడళ్లను మన కంప్యూటర్‌లోనే నడిపే ఓలామా అధికారిక ఇమేజ్‌తో కంటైనర్ లేపి, క్వెన్ 2.5 కోడర్ 7బి అనే మోడల్‌ను పుల్ చేయండి. సుమారు 4.7 జీబీ. 14బి అయితే 9 జీబీ, దానికి ఈ కార్డు చాలదు. నెట్ ఉండగానే ఈ పని ముగించాలి, తర్వాత కంటైనర్‌కు నెట్ తీసేస్తాం.

చాలా గైడ్లు ఇక్కడ ఓలామా వినే 11434 పోర్టును పబ్లిష్ చేయమంటాయి, అంటే కంటైనర్ బయటికి తెరవమంటాయి. చేయొద్దు. డాకర్ పబ్లిష్ చేసిన పోర్టుకు లినక్స్ ఫైర్‌వాల్ టూల్ యూఎఫ్‌డబ్ల్యూ నియమాలు అడ్డం రావు. ఫైర్‌వాల్ ఉందిగా అని మీరు ధీమాగా ఉంటారు, ఆ పోర్టు మాత్రం మీ నెట్‌వర్క్‌లో అందరికీ తెరిచే ఉంటుంది.

3. అసిస్టెంట్

మోడల్‌తో మాట్లాడి మీ కోడ్‌ను మార్చే ఎయిడర్ అనే టూల్ వాడండి. ఎడిటర్ ఎక్స్‌టెన్షన్లు వద్దు: అవి ఎడిటర్‌తో పాటు మీ అకౌంట్‌లోనే కూర్చుంటాయి, మనం కట్టబోయే గోడకు ఇవతలే మిగిలిపోతాయి. ఎయిడర్ టెర్మినల్‌లో నడుస్తుంది, చేసిన ప్రతి మార్పునూ తానే గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్‌లో) కమిట్ చేస్తుంది. ఓలామా డిఫాల్ట్ కాంటెక్స్ట్, అంటే మోడల్ ఒకేసారి చూడగలిగే టెక్స్ట్, చిన్నది. నిండిపోతే మాటమాత్రం చెప్పకుండా పాత భాగాన్ని కోసేస్తుంది, "మోడల్ తెలివితక్కువది" అనే ఫిర్యాదుల్లో చాలా వరకు అక్కడ పుట్టేవే. ఎయిడర్ కావలసినంత కాంటెక్స్ట్ తానే అడుగుతుంది.

పైథాన్ 3.12 ఇమేజ్ మీద గిట్, ఎయిడర్, మీ ప్రాజెక్టుకు కావలసిన ప్యాకేజీలు అన్నీ డాకర్‌ఫైల్‌లోనే (ఇమేజ్‌ను ఎలా కట్టాలో రాసే ఫైలులో) రాసి బిల్డ్ చేయండి.

4. కట్టడి

తప్పులన్నీ జరిగేది ఇక్కడే. "కమాండ్ నడిపే ముందు నన్ను అడుగుతుందిగా" అనే వాదన నాకు ఎక్కదు. మొదటి పదిసార్లు చదువుతారు, ఆ తర్వాత చదవకుండానే ఎంటర్ కొడతారు. అందుకని అడగడం మీద కాదు, గోడ మీద ఆధారపడాలి.

మొదట నెట్‌వర్క్. డాకర్‌లో ఇంటర్నల్ ఆప్షన్‌తో (బయటి ఇంటర్నెట్‌కు దారి లేకుండా) ఒక నెట్‌వర్క్ సృష్టించి ఓలామా కంటైనర్‌ను దానికి కలపండి. తర్వాత డాకర్ తానే కలిపే మామూలు నెట్‌వర్క్, బ్రిడ్జ్ నుంచి దాన్ని విడదీయండి. ఈ రెండో పని మరిచిపోతే మొదటిది చేసినా ఒకటే. ఎయిడర్ కంటైనర్‌ను కూడా ఈ నెట్‌వర్క్‌లోనే పెట్టండి. అక్కడినుంచి ఓలామాను దాని కంటైనర్ పేరుతోనే పిలవవచ్చు. ఒక్క జాగ్రత్త: హోస్ట్‌లో (కంటైనర్లు నడిచే మీ అసలు కంప్యూటర్‌లో) అన్ని అడ్రస్‌ల మీదా వినే డేటాబేస్ లాంటిది ఉంటే ఇంటర్నల్ నెట్‌వర్క్ నుంచి కూడా అది అందవచ్చు. దాన్ని 127.0.0.1కి, అంటే ఆ కంప్యూటర్‌కే, పరిమితం చేయండి.

ఎయిడర్ కంటైనర్‌ను రూట్‌గా (సర్వాధికారాలున్న అకౌంట్‌గా) కాక మీ యూజర్ ఐడీతో నడపండి. క్యాప్-డ్రాప్ ఆల్ (ప్రత్యేక అధికారాలన్నీ తీసేసేది), నో-న్యూ-ప్రివిలేజెస్ (కొత్త అధికారాలు రాకుండా ఆపేది) ఆప్షన్లు పెట్టండి. మెమరీకీ ప్రాసెస్‌ల సంఖ్యకూ పరిమితి పెట్టండి. డాకర్‌కు ఆజ్ఞలిచ్చే దారి అయిన డాకర్ సాకెట్‌ను లోపలికి మౌంట్ చేయడమంటే (లోపల కనిపించేలా ఇవ్వడమంటే) తలుపుకు తాళం వేసి చెవిని గొళ్లేనికే వేలాడదీయడం. అసిస్టెంట్ చేతికి హోస్ట్ మీద రూట్ అధికారం వచ్చేస్తుంది.

ఇక ఫోల్డర్. హోమ్ డైరెక్టరీని ఎప్పుడూ మౌంట్ చేయొద్దు. ప్రాజెక్టు అసలు ఫోల్డర్‌ను కూడా ఇవ్వొద్దు, ఇది చాలామందికి తట్టదు. దాని లోపల డాట్ గిట్ ఫోల్డర్ ఉంటుంది, అందులో హుక్స్ (గిట్ పనులు చేసినప్పుడు వాటంతటవే నడిచే స్క్రిప్టులు) ఉంటాయి. అసిస్టెంట్ లోపలినుంచి ఒక ప్రీ-కమిట్ హుక్ రాసి ఊరుకుంటే చాలు. సాయంత్రం మీరు బయట కమిట్ కొట్టగానే ఆ హుక్ మీ అకౌంట్‌లో, పూర్తి నెట్‌తో, గోడకు ఇవతల నడుస్తుంది. గిట్ కాన్ఫిగ్‌లో, బిల్డ్ ఆజ్ఞలుండే మేక్‌ఫైల్‌లో, ఎడిటర్ టాస్క్ ఫైళ్లలో కూడా ఇదే తంతు సాధ్యం.

కాబట్టి క్లోన్ (గిట్‌తో తీసిన విడి ప్రతి) ఇవ్వండి. నో-హార్డ్‌లింక్స్ ఆప్షన్ పెట్టి మరీ క్లోన్ చేయండి. ఒకే డిస్కులో మామూలుగా క్లోన్ చేస్తే గిట్ ఆబ్జెక్ట్ ఫైళ్లను (చరిత్రను దాచే ఫైళ్లను) కాపీ చేయదు, హార్డ్‌లింక్ చేస్తుంది, అంటే ఒకే ఫైలుకు రెండో పేరు పెడుతుంది. అంటే క్లోన్‌లో చెడిపోయింది అసలు రిపాజిటరీలోనూ చెడుతుంది. క్లోన్‌తో ఇంకో లాభం, గిట్‌లోకి ఎక్కించని ఫైళ్లు అందులోకి రావు. పాస్‌వర్డ్‌లుండే డాట్ ఎన్వ్ ఫైలు బయటే ఉండిపోతుంది. దాన్ని ఎప్పుడో కమిట్ చేసి ఉంటే మాత్రం చరిత్రతో పాటు అదీ లోపలికి వెళ్తుంది.

5. పరీక్ష

ఎయిడర్ కంటైనర్‌లోకి వెళ్లి ఏదైనా వెబ్‌సైట్‌ను తెరవమనండి, విఫలం కావాలి. ఓలామాను పిలవండి, పలకాలి. మీ హోమ్ డైరెక్టరీ ఫైళ్లు వెతకండి, కనిపించకూడదు. మూడింటిలో ఏది తేడా వచ్చినా నాలుగో దశకు వెనక్కి వెళ్లండి.

6. మార్పులు బయటికి తేవడం

క్లోన్ ఫోల్డర్‌లోకి వెళ్లి గిట్ కమాండ్లు కొట్టొద్దు, దాన్ని ఎడిటర్‌లోనూ తెరవొద్దు. అసలు రిపాజిటరీలో నిలబడి క్లోన్ నుంచి ఫెచ్ చేయండి (కొత్త కమిట్లను లాక్కోండి). ఫెచ్‌తో కమిట్లు వస్తాయి, హుక్స్ రావు. వాటిని మీ కోడ్‌లో కలిపే (మెర్జ్) ముందు డిఫ్, అంటే ఏం మారిందో, చదవండి: ముఖ్యంగా మేక్‌ఫైల్, బిల్డ్ స్క్రిప్టులు, కొత్తగా చేరిన డిపెండెన్సీలు. టెస్టులు కూడా మొదట కంటైనర్‌లోనే నడపండి.

పని మధ్యలో కొత్త లైబ్రరీ కావాల్సి వస్తే "ఈ ఒక్కసారికి" అని నడుస్తున్న కంటైనర్‌కు నెట్ కలపొద్దు. డాకర్‌ఫైల్‌లో లైను చేర్చి ఇమేజ్ మళ్లీ బిల్డ్ చేయండి, అయిదు నిమిషాల పని.