ఇంట్లో ఒంటరిగా ఉండగలిగే కుక్క – మూడో పాఠం: తలుపు అవతల 30 సెకన్లు

మొదటి పాఠంలో మీరు బయటికి వెళ్లి, కుక్క ఏం చేస్తోందో ఫోన్‌తో వీడియో తీశారు. రెండో పాఠంలో తాళంచెవుల గలగల, చెప్పులు, బ్యాగు వంటి బయల్దేరే గుర్తుల్ని రోజులో పదిసార్లు ఊరికే ముట్టుకుని, ఎక్కడికీ వెళ్లకుండా మళ్లీ కూర్చున్నారు. తాళంచెవులు చేతిలోకి తీసుకున్నా కుక్క లేవడం లేదంటే ఈ పాఠం మొదలుపెట్టొచ్చు. ఇంకా లేచి వెంటపడుతుంటే మరో నాలుగు రోజులు రెండో పాఠంలోనే ఉండండి. ఇక్కడ తొందరపడితే వారం వెనక్కి పోతారు.

నేరుగా ఈ పాఠానికి వచ్చినవాళ్లు ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మీ కుక్కది బెంగా, లేక తోచకపోవడమా? బెంగపడే కుక్క మీరు వెళ్లిన కొద్ది నిమిషాల్లోనే, చాలాసార్లు మొదటి అరగంటలోపే మొదలుపెడుతుంది. తలుపు చట్రాన్నో, కిటికీ అంచునో, మీరు వెళ్లిన దారినే కొరుకుతుంది, గీరుతుంది. చొంగ కారుస్తుంది, ఊళ పెడుతుంది, పెట్టి వెళ్లిన తిండిని ముట్టదు. తోచని కుక్క రెండు గంటలు హాయిగా నిద్రపోయి, లేచి, దొరికిన చెప్పును నమిలేస్తుంది. దానికి కావలసింది నడక, వాసన చూసే ఆటలు, నమలడానికి ఏదైనా వస్తువు. ఈ పాఠం దానికోసం కాదు. మీరు ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఎక్కడపడితే అక్కడ మూత్రం పోస్తున్నా, ముసలితనంలో కొత్తగా ఈ బెంగ మొదలైనా ముందు పశువైద్యుడికి చూపించండి. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, మధుమేహం, ఒంటినొప్పులు, వయసుతో వచ్చే మతిమరుపు బయటికి ఇలాగే కనిపిస్తాయి. వాటిని శిక్షణతో తగ్గించలేం.

హద్దు ఎక్కడుంది?

ఈ పాఠమంతా ఒక్క అంకె మీద నడుస్తుంది. మీ మొదటి వీడియో మళ్లీ చూడండి. తలుపు మూసుకున్న క్షణం నుంచి లెక్కపెట్టండి. చాలామంది మొదటి మొరుగు వినపడేదాకా చూసి ఆ సమయం రాసుకుంటారు. అది తప్పు అంకె. మొరుగు వచ్చేసరికి భయం మొదలై చాలాసేపయి ఉంటుంది. మీకు కావలసింది మొట్టమొదటి మార్పు. తల ఎత్తి గుమ్మం వైపు అలా చూస్తూనే ఉండిపోవడం, తిండేమీ లేకుండా మూతి నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, ఉక్క లేకుండా రొప్పడం, ముందుకాలు ఒకటి గాల్లోకి ఎత్తి ఆగడం, వీటిలో ఏది ముందు కనబడితే అదే. అది 20వ సెకనులో కనబడితే హద్దు 20 సెకన్లు. మీ మొదటి సాధన అందులో సగం, అంటే 10 సెకన్లు దాటకూడదు. తలుపు మూయగానే భయపడే కుక్క అయితే హద్దు సున్నా. దిగులుపడకండి, సున్నా నుంచి ఎలా మొదలుపెట్టాలో కింద ఉంది.

కదలకుండా ఉన్న కుక్క ప్రశాంతంగా ఉందని అనుకోవద్దు. అందరూ మోసపోయేది ఇక్కడే. పడుకున్న తీరు చూడండి. రెండు వెనకకాళ్లూ పొట్ట కిందికి సమంగా ముడుచుకుని, మెడ నిటారుగా పెట్టి, కళ్లు ఆర్పకుండా తలుపు వైపు చూస్తోందంటే అది పడుకోలేదు, లేవడానికి సిద్ధంగా ఉంది. కళ్ల అంచున తెల్లభాగం కనబడుతుంటే మరీ. నెమ్మదించిన కుక్క నడుము ఒక పక్కకి ఒరుగుతుంది, వెనకకాళ్లు రెండూ అదే పక్కకి వస్తాయి, గడ్డం నేలకి ఆనుతుంది, చెవులు వదులవుతాయి. ఒక్కోసారి పొడుగ్గా ఊపిరి వదులుతుంది. నడుము ఒరిగిందా లేదా అన్నది చిన్న తెరమీద కూడా తేలిగ్గా కనబడుతుంది. మిగతావి పోల్చుకోవడం రాకపోయినా దీన్ని పట్టుకోండి.

సరంజామా

రెండు ఫోన్లు కావాలి. ఒకటి లోపల, ఒకటి మీ చేతిలో, రెండింటి మధ్య వీడియో కాల్. లోపలి ఫోన్‌ను గుమ్మమూ, కుక్క పడుకునే చోటూ రెండూ కనబడేలా పెట్టి, దాని స్పీకర్ శబ్దం పూర్తిగా తగ్గించండి. లేకపోతే మీ ఊపిరి శబ్దం లోపల వినబడి కుక్క ఫోన్ చుట్టూ తిరుగుతుంది. మీ చేతిలో ఫోన్‌కి ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, మూలుగు చాలా సన్నగా ఉంటుంది. కాల్‌ను రికార్డు కూడా చేసుకోండి. సెకన్లు చూపే గడియారం, ఒక నోటు పుస్తకం. అంతే.

కుక్కని తిప్పుకొచ్చి, ఒంటికీ రెంటికీ వెళ్లొచ్చి, ఒక అరగంట సేదతీరాక మొదలుపెట్టండి. ఆకలి మీద వద్దు, ఆట ఊపులో అసలే వద్దు. రోజుకి ఒక్కసారి, 20 నుంచి 25 నిమిషాలు, వారంలో ఐదు రోజులు. మిగతా రెండు రోజులు సెలవు, మీకూ దానికీ.

మెట్లు

ఒకటి. లేచి తలుపుదాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చోండి.
రెండు. తలుపు మీద చెయ్యి వేసి, తిరిగొచ్చి కూర్చోండి.
మూడు. గొళ్లెం తీయండి, మళ్లీ వేయండి.
నాలుగు. తలుపు జానెడు తెరిచి మూయండి.
ఐదు. ఒక కాలు గుమ్మం దాటించి వెనక్కి తీసుకోండి.
ఆరు. రెండు కాళ్లూ బయట, తలుపు ఓరగా.
ఏడు. బయట నిలబడి తలుపు మూసి, వెంటనే తెరవండి.
ఎనిమిది. తలుపు మూసి 2 సెకన్లు, 5 సెకన్లు, ఆపైన.

హద్దు సున్నా ఉన్న కుక్కకి మొదటి మెట్టు నుంచి. మిగతావాళ్లు మూడో మెట్టు నుంచి మొదలుపెట్టొచ్చు. వరసగా మూడుసార్లు కుక్క పడుకునే ఉన్నా, లేదా తల ఎత్తి చూసి తిరిగి దించేసినా తర్వాతి మెట్టుకి వెళ్లండి. బయటినుంచి తాళం వేయడం ఇందులో లేదు. తాళం తిరిగే చప్పుడు కుక్క లెక్కలో విడి సంగతి, దాన్ని వచ్చే పాఠంలో చూద్దాం.

ఒక్కో ప్రయత్నానికీ మధ్య 30 నుంచి 60 సెకన్లు ఆగండి. కూర్చోండి, పుస్తకంలో రాసుకోండి, నీళ్లు తాగండి. ఈ విరామం పాఠంలో భాగం. ఆగకుండా తలుపు తీసి మూసి తీసి మూసి చేస్తే ఏ ఒక్కటీ భయపెట్టకపోయినా, అన్నీ కలిసి కుక్కని కంగారుపెడతాయి. పదో ప్రయత్నంలో ఉన్నట్టుండి చెడిందంటే చాలాసార్లు కారణం ఇదే.

తిరిగి లోపలికి వచ్చినప్పుడు మామూలుగా రండి. కుక్క దగ్గరికి వస్తే గడ్డం కింద నిమిరి ఒక మాట మాట్లాడండి. ముఖం తిప్పుకుని పట్టించుకోనట్టు నటించమనే సలహా చాలా చోట్ల వినబడుతుంది. అంత అవసరం లేదు. పెద్ద సంబరం చేయకపోతే చాలు.

తిండి సంగతి. ఈ సాధనలో తిండి పెట్టొద్దు. తింటున్నంతసేపూ కుక్క ధ్యాస తిండి మీదే ఉంటుంది, మీరు లేరన్న సంగతి గమనించదు. గిన్నె ఖాళీ అయ్యాక తలెత్తి చూస్తే మీరుండరు. అప్పుడు భయం ఒక్కసారిగా వస్తుంది. కొన్నాళ్లకి ఆ గిన్నె చూడగానే బెంగ మొదలవుతుంది, తాళంచెవుల లాగే. తిండి పూసి కుక్కతో నాకించే బొమ్మలు, దాచి పెట్టే తిండి మీరు ఇంట్లో ఉన్న వేళల్లో ఇవ్వండి.

ఒక రోజు పుస్తకం ఇలా ఉంటుంది

హద్దు 20 సెకన్లున్న కుక్క, మూడో రోజు:

గొళ్లెం తీసి వేయడం – తల ఎత్తింది, దించింది.
1 సెకను – కదల్లేదు.
5 – కదల్లేదు, నడుము ఒరిగే ఉంది.
3 – కదల్లేదు.
12 – లేచింది, గుమ్మం కింద వాసన చూసింది, వెళ్లి పడుకుంది.
2 – తల కూడా ఎత్తలేదు.
15 – గుమ్మం దగ్గరే నిలబడింది, చెవులు వెనక్కి, మూతి ఒకసారి నాక్కుంది.
4 – లేచింది, మధ్యలో ఆగింది, పడుకుంది.
8 – పడుకునే ఉంది. ఆపేశాం.

అంకెలు పైకీ కిందికీ పోతున్నాయి చూశారా. అది కావాలని చేసిందే. 2, 4, 6, 8, 10 అని పెంచుకుంటూ పోతే ప్రతిసారీ మునుపటికంటే కష్టమవుతుందని కుక్క కనిపెడుతుంది, ఐదోసారికి ముందే లేచి నిలబడుతుంది. 12 సెకన్ల వరస చూడండి. లేవడం తప్పు కాదు. వాసన చూసి, తనంతట తాను వెళ్లి పడుకుంది కదా, అదే మనం నేర్పాలనుకుంటున్నది. 15 దగ్గర అలా కాలేదు, అక్కడే నిలబడిపోయింది. అది ఆ రోజుకి హద్దు. అందుకే వెంటనే 4కి దించి, 8తో మంచిగా ముగించాం. మర్నాడు పైఅంకె 10. మళ్లీ 15కి ఆ తర్వాతి రోజు వెళ్లొచ్చు.

మొరగడం మొదలుపెడితే

లోపలికి వెళ్లండి, వెంటనే. మొరుగుతున్నప్పుడు వెళ్తే, మొరిగితే మీరొస్తారని నేర్చుకుంటుందని మీకు ఎవరో చెప్పే ఉంటారు. తిండి కోసం గోల చేసే కుక్క విషయంలో అది నిజం. భయపడ్డ కుక్క బేరమాడడం లేదు. గుండె దడదడలాడుతూ, ఊపిరి ఆడక, తప్పించుకునే దారి వెతుకుతోంది. అలాగే వదిలేస్తే అలవాటు పడదు. అరిచి అరిచి అలసిపోతుంది. చాలామంది ఆ అలసటని చూసి నయమైందనుకుంటారు. మర్నాటి వీడియో తీస్తే తెలుస్తుంది, నిన్న 20 సెకన్లకి కనబడిన గుర్తు ఇవాళ 5 సెకన్లకే కనబడుతుంది. లోపలికి వెళ్లి, దాన్ని కుదుటపడనిచ్చి, ఆ రోజుకి పాఠం ఆపేయండి. మరుసటి రోజు ఎక్కువలో ఎక్కువ, చెడిన అంకెలో సగం.

కసరడం, ముక్కు మీద కొట్టడం, చిరిగిన దిండు దగ్గరికి లాక్కెళ్లి చూపించడం వల్ల జరిగేది ఒక్కటే. మీరు వెళ్లడమే కాదు, మీరు తిరిగిరావడం కూడా భయమైపోతుంది. అప్పుడు కుక్క చెవులు వాల్చి, చూపు తప్పించేది తప్పు తెలిసి కాదు, మీ గొంతు విని.

మొరిగితే షాక్ కొట్టే పట్టీ గొంతుని ఆపుతుంది, భయం లోపలే ఉంటుంది. బోనులో పెట్టి గడియ వేస్తే బెంగపడే కుక్క ఊచలు కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటుంది, గోళ్లు ఊడదీసుకుంటుంది. తలుపు తెరిచి ఉన్న బోనులో తనే ఇష్టంగా పడుకుంటే ఇబ్బంది లేదు. ఇంకో కుక్కని తేవడం కూడా సాధారణంగా పనిచేయదు. అది బెంగపడేది మనిషి కోసం.

కష్టమైన షరతు

సాధన జరిగే వారాల్లో కుక్క నిజంగా ఒంటరిగా ఉండకూడదు. పొద్దున 10 సెకన్లు నేర్పి, మధ్యాహ్నం నాలుగు గంటలు వదిలేస్తే అది నాలుగు గంటలనే గుర్తుపెట్టుకుంటుంది. ఇంట్లోవాళ్లు వంతులు వేసుకోవాలి, ఇరుగుపొరుగుని అడగాలి, డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవాలి, వీలైతే వెంట తీసుకెళ్లాలి. కుక్క పక్కన ఎవరైనా సరే, మీరే కానక్కర్లేదు. ఈ ఏర్పాటు నెలల తరబడి సాగొచ్చు. ఒక్కరోజు ఎటూ కుదరకపోతే, ఇంకో తలుపు ఉంటే ఆ తలుపు నుంచి వెళ్లండి, సాధన చేసే తలుపుని పాడుచేయకండి. ఆ తర్వాత రెండు మూడు రోజులు అంకెలు తగ్గుతాయి, తగ్గనివ్వండి.

రెండు వారాలు పద్ధతిగా చేసినా ఏడో మెట్టు దాటకపోతే, లేదా మీరు ఇంట్లో గది మారినా రొప్పుతుంటే, మందుల గురించి పశువైద్యుడితో మాట్లాడండి. ఈ బెంగకోసమే కుక్కలకి క్లోమిప్రమీన్‌ను 1998లో, ఫ్లూఆక్సిటీన్‌ను 2007లో అమెరికా ఔషధ సంస్థ ఆమోదించింది. రెండింటినీ శిక్షణతో కలిపి వాడమనే. ఇవి మత్తుమందులు కావు, ఒక్కరోజులో పనిచేయవు. ఫ్లూఆక్సిటీన్ ఫలితం పూర్తిగా తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. భయం కాస్త దిగితేనే పాఠం ఎక్కే కుక్కలున్నాయి, వాటికి మందు ఆలస్యం చేయడం న్యాయం కాదు. ఇంట్లో మనుషులు వాడే మాత్రని అంచనా మీద వేయడం మాత్రం ప్రమాదం. మోతాదూ వేరు, పడని మందులూ వేరు.

ఈ వారం పని

ఐదు రోజులు, రోజుకి 8 నుంచి 12 ప్రయత్నాలు. తలుపు మూసి 30 సెకన్లు బయట ఉన్నప్పుడు, మూడు వేర్వేరు రోజుల్లో కుక్క నడుము ఒరిగి పడుకునే ఉంటే ఈ పాఠం అయిపోయినట్టు. కొన్ని కుక్కలకి వారం చాలు, కొన్నిటికి నెల కావాలి. నాలుగో పాఠంలో తాళం చప్పుడు, మెట్లు దిగే అడుగులు, బండి శబ్దం కలుపుతూ 30 సెకన్ల నుంచి 5 నిమిషాలకి వెళ్తాం. శ్రమంతా మొదటి 40 నిమిషాలు సాధించడానికే. అక్కడినుంచి అంగలు పెద్దవి వేయొచ్చు.

ఐదో రోజు రికార్డింగ్‌ను చెరిపేయకండి. నాలుగో పాఠం మొదట్లో దాన్ని శబ్దం లేకుండా, నడుము ఒక్కదాన్నే చూస్తూ ఇంకోసారి లెక్కపెట్టాలి.